సూదిపిట్టకు ఆఖరి సాక్షి

"కూయడం లేదంటే కూయడం లేదు. నాకు చెవులు లేవా?" అని టైలరమ్మ ఆ ఉదయం మూడోసారి అంది.

గొడవ బట్టలుతికే మిషన్ గురించి. నెలరోజులుగా నడుస్తోంది. ఉతకడం పూర్తికాగానే ఆ మిషన్ కీ, కీ అని ఐదుసార్లు కూయాలి. అది కూయడం మానేసిందని టైలరమ్మ వాదన. నిక్షేపంగా కూస్తోందని ఇంట్లో మిగతా ముగ్గురి వాదన. ఈలోగా ఉతికిన బట్టలు గంటల తరబడి లోపలే ముద్దగా పడి ఉంటున్నాయి. కుట్టేముందు ఒకసారి తడిపి తీద్దామని మొన్న ఒక హోటలువాళ్ళ కర్టెన్ గుడ్డ వేస్తే, మర్నాటికి ముక్కిపోయిన వాసన పట్టుకుంది.

"కూస్తోందే తల్లీ. నా గదిలో తలుపేసుకుని పడుకున్నా చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టు కూస్తోంది," అంది అత్తగారు. ఆవిడకు డెబ్బయ్యెనిమిది. మోకాళ్ళు మొండికేశాయి, పళ్ళు సగానికి సగం సెలవు తీసుకున్నాయి. చెవులు మాత్రం ఏ పదహారేళ్ళ పిల్లకో ఇవ్వాల్సినవి పొరపాటున ఈవిడకు వచ్చినట్టుంటాయి. వీధి చివర ఎవరు ఎవర్ని తిట్టినా మధ్యాహ్నానికల్లా ఈ ఇంట్లో తెలిసిపోయేది ఆ చెవుల వల్లే.

"మీకు అన్నీ వినిపిస్తాయి లెండి అత్తయ్యా. జరిగినవీ, జరగనివీ."

"అమ్మా, నిజంగానే కూస్తోంది," కాలేజీకి బయల్దేరుతున్న కూతురు బూట్లు వేసుకుంటూ అంది. "నేను విన్నాను, నాన్న విన్నారు, మామ్మ వింది. నీకొక్కదానికే దాని మీద ఎందుకో పగ."

భర్త ఇరవై ఆరేళ్ళుగా సిటీబస్సు నడుపుతున్న మనిషి. వెనక సీట్లలో ఎంత రాద్ధాంతం జరుగుతున్నా చూపు రోడ్డు మీదే ఉంచడం ఆయనకు అలవాటు. "మెకానిక్‌ని పిలిస్తే తేలిపోతుందిగా," అన్నాడు చివరికి, ఎదురుగా ఉన్న గోడతో చెబుతున్నట్టు.

బుధవారం మెకానిక్ వచ్చాడు. మిషన్ ముందు గొంతుక్కూర్చుని ఏదో మీట నొక్కి తల తిప్పి చూశాడు. అత్తగారు రెండు చేతులతో చెవులు మూసుకుంది. కూతురు మొహం చిట్లించింది. టైలరమ్మ మాత్రం చేతులు కట్టుకుని, "ఊఁ, కానివ్వు బాబూ, ఎంతసేపు?" అంది.

మెకానిక్ ఆమె వంక చూశాడు. ఇంకోసారి నొక్కి ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత సంచీ సర్దుకుని, "మిషన్‌లో అయితే ఏ లోపమూ లేదమ్మా," అన్నాడు. గుమ్మం దగ్గర ఆమె భర్త చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు.

"ఏమంటాడు?" అంది టైలరమ్మ.

"ఏం లేదు. నాకు డ్యూటీ టైమైంది," అని భర్త టోపీ పెట్టుకున్నాడు.

ఈ కాలం మెకానిక్‌లకు పని చేతకాదని టైలరమ్మ తీర్మానించింది. ఆ తీర్మానం ఆదివారం దాకా నిలిచింది.

తన చెవుల మీద ఆమెకు అంత నమ్మకం ఊరికే రాలేదు. ఊళ్ళో ఆమెకున్న పేరులో సగం చెవుల వల్ల వచ్చింది. మిగతా సగం జిప్పులు మార్చడం వల్ల వచ్చింది.

ఊరికి ఉత్తరాన అడవి కొండ ఉంది. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట, కొత్త ప్యాంటు కాళ్ళు కురచ చేయించుకోవడానికి వచ్చిన ఒక సైన్సు మాస్టారు మాటల్లో పెట్టి ఆమెను ఆ కొండ మీద పిట్టల్ని లెక్కపెట్టే పనిలోకి దించాడు. పద్ధతి తేలికే. పిట్టలు గూళ్ళు కట్టే కాలంలో ఆరు ఆదివారాలు తెల్లవారగానే కొండెక్కాలి. దారి పొడుగునా ఏడు చోట్ల రాళ్ళ మీద తెల్లరంగు గుర్తులుంటాయి. ఒక్కో గుర్తు దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడి, కనిపించిన పిట్టనూ వినిపించిన పిట్టనూ లెక్కలో వేసుకోవాలి. మొదట్లో ఎనిమిది మంది ఉండేవాళ్ళు. మాస్టారు పోయారు. కొందరు ఊరు వదిలిపోయారు, కొందరు దుప్పటి వదల్లేకపోయారు. చివరికి టైలరమ్మ ఒక్కతే మిగిలింది.

రాసుకోవడానికి తలదించితే ఈలోపు పిట్ట తప్పిపోతుందని ఆమె తన సొంత పద్ధతి ఒకటి పెట్టుకుంది. గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండు ఒకటి ఎడమ ముంజేతికి కట్టుకుంటుంది, టైలర్లందరూ కట్టుకునేదే. అలాంటిదే ఇంకోటి కోటు జేబు మీద కుట్టుకుంది. చేతి దిండు నిండా రంగురంగుల తలల సూదులు. పిట్ట కూత వినిపించగానే చూడకుండానే ఒక సూది తీసి జేబు మీద గుచ్చుతుంది. ఎర్రతల సూది వడ్రంగిపిట్టకు, పసుపుది కౌజుపిట్టకు, తెల్లది సూదిపిట్టకు. పది నిమిషాలు కాగానే జేబు మీద సూదులు చూసి నోటుబుక్కులో ఎక్కిస్తుంది. "మా అమ్మ పిట్టలకు కొలతలు తీసుకోవడానికి వెళ్ళింది," అని కూతురు స్నేహితులతో అనేది.

సూదిపిట్ట అంటే బొటనవేలంత ఉండే బూడిదరంగు పిట్ట. పుస్తకంలో దానికి వేరే పేరుంది గానీ ఎవరి నోరూ తిరగదు. పల్చటి గుడ్డలో సూది దిగినంత సన్నంగా ఉంటుంది దాని కూత. ఆ కూత పట్టుకోగలగడం టైలరమ్మకు పెద్ద గర్వం. స్కూలు పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్ళినప్పుడల్లా, "కళ్ళతో ఎవరైనా లెక్కపెడతారర్రా, పిట్టల్ని చెవులతో లెక్కపెట్టాలి," అనేది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఆమెకు నెత్తి మీది దాకా దుప్పటి కప్పేసుకోవాలనిపిస్తుంది.

ఆ కొండకు నిప్పు కొత్త కాదు. పదేళ్ళకో పన్నెండేళ్ళకో ఒకసారి, ఎండాకాలం చివర, పిట్టపిల్లలు ఎగిరిపోయి గూళ్ళు ఖాళీ అయ్యాక, ఎండుగడ్డి మీద మోకాలెత్తు మంట పాకుతూ వెళ్ళేది. అక్కడో పొద, ఇక్కడో వాగు ఒడ్డు వదిలేసి కొండను అతుకుల బొంత చేసి పోయేది. కాలినచోట పురుగు, కాలనిచోట నీడ దొరికి పిట్టలు అటూ ఇటూ సర్దుకుని బతికేవి. అలాంటిది ఈ ఆరేళ్ళలోనే మూడుసార్లు తగలబడింది. అదీ రెండు నెలలు ముందుగా, గూళ్ళలో గుడ్లుండగా. మంట గడ్డి మీద పాకడం మానేసి చెట్ల తలలెక్కింది. మొదటిసారి కాలినప్పుడు, మాడిన మానుల్లో పురుగుల కోసం వడ్రంగిపిట్టలు దండుగా దిగాయి. ఎర్రసూదులు చాలక ఆమె ఇంకో డబ్బా కొంది. రెండోసారి ఆ మాడిన మానులే కాలి బూడిదయ్యాయి. ఎర్రసూదులు డబ్బాలోనే ఉండిపోయాయి.

ఆ రెండో మంట తర్వాతే సూదిపిట్ట కూత ఆగిపోయింది. ఐదో గుర్తు దగ్గర, లోయ అంచున, ఆదివారం తర్వాత ఆదివారం ఆమె చెవులు రిక్కించి నిలబడింది. ఒక్క తెల్లసూదీ కదల్లేదు. ఆ మరుసటేడూ లేదు, ఆ పై ఏడూ లేదు.

ఆ తర్వాత జరిగినదాంట్లో సగం నిజమైన దుఃఖం, సగం ఆమె స్వయంకృతం. పత్రికవాళ్ళు వచ్చి, "సూదిపిట్టకు ఆఖరి సాక్షి" అని ఆమె ఫొటో వేశారు. ఆ కాగితానికి అద్దం కట్టించి కుట్టుమిషన్ పైన గోడకు తగిలించింది. జిప్పు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి నిట్టూరిస్తే తనూ ఒక నిట్టూర్పు కలిపేది. ఏడాదికి నాలుగు స్కూళ్ళలో ప్రసంగం. ఎక్కడ గొంతు వణకాలో, ఎక్కడ ఆగి మంచినీళ్ళు తాగాలో కూడా అలవాటైపోయింది.

"మీ మామగారు పోయినప్పుడు నేను కూడా ఇన్నిసార్లు ఏడవలేదే," అంది అత్తగారు ఒకసారి.

ఇప్పుడు అటవీ ఆఫీసువాళ్ళు ఐదో గుర్తు దగ్గర ఒక బోర్డు పెడుతున్నారు. "ఇక్కడ ఒకప్పుడు సూదిపిట్ట పాడేది" అని రాసి కింద ఆమె పేరు వేస్తారు. ఆ మాటలు రాసిచ్చింది ఆమే. పేరు మరీ చిన్న అక్షరాల్లో పెట్టాడని పెయింటర్‌తో రెండుసార్లు పేచీ పడింది కూడా. గురువారం బోర్డు ఆవిష్కరణ.

దానికి ముందు వచ్చిన ఆదివారం, ఈ ఏటి లెక్కలో ఆఖరిది.

"నేనూ వస్తాను," అంది అత్తగారు శనివారం సాయంత్రమే. "మూడేళ్ళుగా ఆ పిట్ట కోసం ఏడుస్తున్నావు. అదెక్కడ కాపురమున్నదో నన్నూ చూడనీ."

"మీ మోకాళ్ళతో కొండెక్కుతారా?"

"నా కొడుకు బస్సు డ్రైవరు కాడూ? కొండెక్కిస్తాడు."

మంటలార్పే ఇంజన్ల కోసం వేసిన మట్టిరోడ్డు ఇప్పుడు ఐదో గుర్తు దాకా వస్తుంది. టైలరమ్మ మొదటి నాలుగు గుర్తులూ నడిచి ముగించుకుని వచ్చేసరికి భర్త పాతకారులో తల్లిని దింపి, మడతకుర్చీ వేసి కూర్చోబెట్టి, తను కార్లో వెనక్కి వాలి నిద్రపోతున్నాడు.

ఆ నాలుగు గుర్తుల దగ్గరా జేబు మీద ఎక్కిన సూదులు తొమ్మిది. ఆరు కాకులకు, మూడు గువ్వలకు. వెనకటి రోజుల్లో నాలుగో గుర్తు దగ్గరికి వచ్చేసరికే జేబు ముళ్ళపందిలా ఉండేది. మూడోసారి కాలాక ఒకే రకం ముళ్ళకంప కొండవాలంతా కప్పేసింది. పూవు లేదు, కాయ లేదు, దాని మీద ఏ పురుగూ వాలదు. ఇంతకుముందు ఆ వాలులో నడుస్తుంటే కాళ్ళ కింద నుంచి కౌజుపిట్టలు భుర్రున లేచి గుండె ఆగినంత పని చేసేవి. ఇప్పుడు ఆమె నిశ్చింతగా నడుచుకుంటూ వచ్చేసింది. ఆ నిశ్చింత గురించి ఆ క్షణంలో ఆమెకు అనుమానం కూడా రాలేదు. మనసంతా గురువారం ఏ కోటు వేసుకోవాలన్నదాని మీద ఉంది.

ఐదో గుర్తు కింద లోయ. రెండు పక్కలా నిలువు రాళ్ళు, అడుగున ఎప్పుడూ ఊరే చెమ్మ. మూడు మంటలూ దాని మీద నుంచి దూకి వెళ్ళాయే గానీ లోపలికి దిగలేదు. కొండ మొత్తానికి పాత చెట్లు మిగిలింది అక్కడే.

"పది నిమిషాలు మాట్లాడకూడదు అత్తయ్యా," అంది టైలరమ్మ గడియారం చూసుకుంటూ.

"నేనెక్కడ మాట్లాడాను? ఆ కీచుమనేదాన్ని ఊరుకోమను ముందు."

"ఏది?"

"అదే. మనింటి మిషన్‌లాగా. అక్కడ చాలదని ఇక్కడ కూడానా?"

పెద్దావిడకు చెవుల్లో హోరేమో, వయసైపోతోంది పాపం, అని టైలరమ్మ జాలిపడింది. ఇరవై ఒక్క ఏళ్ళ లెక్కలో ఆమె పడ్డ పొరపాట్లన్నిటిలోకీ ఆ జాలి పెద్దది.

"ఎక్కణ్నించి వినిపిస్తోంది?" అంది, చిన్నపిల్లను బుజ్జగిస్తున్నట్టు.

అత్తగారు చేతికర్ర ఎత్తి చూపించింది. "ఆ వంగిన చెట్టు. రెండో కొమ్మ. బొడిపె పక్కన. కళ్ళు కూడా పోయాయా నీకు?"

టైలరమ్మ బైనాక్యులర్ ఎత్తింది. ఆకులు, బెరడు, బొడిపె కనిపించాయి. బొడిపె పక్కన బొటనవేలంత బూడిదరంగు. అది తల పైకెత్తి ఉంది. ముక్కు తెరిచి ఉంది. గొంతు కింది ఈకలు టకటకటకా కొట్టుకుంటున్నాయి, కుట్టుమిషన్ జోరుమీదున్నప్పుడు సూది ఆడినట్టు. ఆ పిట్ట ఒళ్ళంతా కూతే. టైలరమ్మకు వినిపిస్తున్నది మాత్రం గాలి.

ఆమె బైనాక్యులర్ దించింది. అద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. పిట్ట ముక్కు మూసుకుంది.

"ఆపింది," అంది అత్తగారు.

ముక్కు తెరుచుకుంది.

"మళ్ళీ మొదలెట్టింది మాయదారిది. ఆ రాయి వెనక ఇంకోటి దీనికి జవాబు చెబుతోంది చూడు. అడుగున ఇంకో రెండు. ఏమిటే ఇవి, పంతం పట్టాయా?"

టైలరమ్మ తెల్లసూది ఒకటి తీసి జేబు మీద గుచ్చింది. రెండోది గుచ్చింది. మూడోది వేలికి గుచ్చుకుంది. ముప్ఫయ్యేళ్ళుగా కుడుతున్న మనిషి, కొత్తగా పని నేర్చుకోవడానికొచ్చిన పిల్లలా వేలు నోట్లో పెట్టుకుని నిలబడింది.

"ఇంతకీ ఏ పిట్ట అది?" అంది అత్తగారు.

"ఏదో పిట్ట."

పిట్ట పేరడిగినవాళ్ళకు ఆమె ఇంత చిన్న జవాబు ఎన్నడూ ఇవ్వలేదు. అరగంటకు తక్కువ చెప్పేది కాదు. అత్తగారు అనుమానంగా చూసింది గానీ, పది నిమిషాలు మాట్లాడకూడదన్న సంగతి గుర్తొచ్చి ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం టైలరమ్మ కుట్టుగది తలుపేసుకుని, ఇరవై ఒక్క నోటుబుక్కులూ కటింగ్ బల్ల మీద పరిచింది. వేలు పెట్టి తెల్లసూదుల అంకెలు వెతుక్కుంటూ వెళ్ళింది. పదకొండు, పది, పదకొండు అని చాలా ఏళ్ళు. తర్వాత తొమ్మిది, ఆరు. ఈ తొమ్మిదీ ఆరూ మొదటి మంట రాకముందువి. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ అంకెల వంక తిరిగి చూడలేదు. మంట ముందూ మంట తర్వాతా అని రెండు కుప్పలు పోసి, రెండో కుప్ప ముందు కూర్చుని ఏడ్చింది. పిట్ట తగ్గలేదు. తన చెవే సబ్బు అరిగినట్టు ఏడాదికి కాస్త చొప్పున అరుగుతూ వచ్చింది. పూర్తిగా అరిగిన ఏడాదికి సరిగ్గా మంట వచ్చి నేరం నెత్తినేసుకుంది. మంట చేసిన పాపాలు చాలవన్నట్టు, ఊరందరి ముందూ ఇంకోటి దానికి అంటగట్టింది తను.

అలా చూస్తుంటే వేలు పక్క వరసలోకి జారింది. పసుపుసూదులు. పధ్నాలుగు, పదమూడు, పధ్నాలుగు. మొదటి మంట తర్వాత తొమ్మిది. రెండో మంట తర్వాత మూడు. మూడో మంట తర్వాత నిరుడు సున్నా, ఈ ఏడూ సున్నా. కౌజుపిట్ట గొంతు తలుపు బాదినట్టుంటుంది. దాన్ని వినడానికి మంచి చెవులు కూడా అక్కర్లేదు. నేల మీద, గడ్డి దుబ్బు కింద గుడ్లు పెట్టే పిట్ట. మంట రెండు నెలలు ముందుకు జరిగితే మొట్టమొదట పోయేది అదే. పోయింది కూడా. ఆ సున్నాలు తన చేత్తోనే రాసింది, రాసి పేజీ తిప్పి సూదిపిట్ట మీద ప్రసంగం తయారుచేసుకుంది. కౌజు లావుగా మట్టిరంగులో ఉంటుంది, పరుగెడుతుంటే చూసేవాళ్ళకు నవ్వొస్తుంది. దాని పేరు చెప్పి గొంతు వణికించడం కష్టం.

సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ సమయంలో కూడా ఆమె బుర్ర తప్పుకునే దారి ఒకటి వెతికిపెట్టింది. పిట్ట తిరిగొచ్చిందని చెబితే సరి! ఈ ఆదివారమే వచ్చింది, నాలుగు. అబద్ధం ఏముంది? పత్రికవాళ్ళు పరుగెత్తుకొస్తారు. "ఆశ వదలని టైలరమ్మ" అని వేస్తారు. ఈసారి ఫొటోలో నవ్వాలి. గోడ మీద రెండో అద్దానికి ఎక్కడ చోటుందో కూడా చూసుకుంది.

అప్పుడే ఫోను మోగింది. అటవీ ఆఫీసు రేంజరు. ఆయనది బొంగురు గొంతు, ఎప్పుడూ స్పష్టంగానే వినిపిస్తుంది. అందుకే ఆయన ఆమె దృష్టిలో చక్కగా మాట్లాడే మనిషి.

"గురువారం పదింటికి మేడమ్. మర్చిపోకండి. ఇంకో సంతోషం కూడా చెప్పాలి. లోయలో సూదిపిట్ట గూళ్ళున్నాయని ఇన్నాళ్ళూ అక్కడ చెయ్యి పెట్టనివ్వలేదు కదా? మీ లెక్క చూపించి అనుమతి తెచ్చాను. వచ్చే చలికాలం పొదలు కొట్టించి, చిన్నమంట పెట్టించి లోయ శుభ్రం చేసేస్తాం. మళ్ళీ పెద్దమంట వస్తే అంటుకోవడానికి అక్కడేమీ ఉండకూడదు. అంతా మీ చలవ."

టైలరమ్మ కుర్చీలో కూర్చుంది.

"లోయ ఇంతవరకు కాలలేదు కదండీ?"

"అదే మేడమ్, భయం. పాత చెట్లు, దట్టంగా ఉన్నాయి. పిట్ట లేనప్పుడు ఇంకా దాచిపెట్టుకోవడం ఎందుకు?"

"పోనీ... ఆ పిట్ట తిరిగొచ్చిందనుకోండి?"

"వచ్చిందా?" రేంజరు గొంతు లేచింది.

"అనుకోండి అంటున్నాను."

"వస్తే ఇంకేం కావాలి! మూడుసార్లు కాలిన కొండకు ఇన్నేళ్ళు లేని పిట్ట తిరిగొచ్చిందంటే, నిప్పుతో పెద్ద నష్టం లేదన్నమాటేగా? పైవాళ్ళకు అదే రాసి పంపుతాను. అప్పుడు లోయ ఒక్కటేం, తూర్పువాలు కూడా కాల్చుకోవచ్చు. పిట్టలు వెళ్తాయి, వస్తాయి. మీరేమంటారు?"

ఆమె గురువారం గురించి సాయంత్రం మాట్లాడతానని ఫోను పెట్టేసింది. పోయిందంటే లోయ కాలుతుంది. తిరిగొచ్చిందంటే కొండే కాలుతుంది. ఈ రెండూ కాకుండా మిగిలిన మాట ఒక్కటే ఉంది. దాన్ని ఏ పత్రికా అద్దం కట్టించుకునేలా వెయ్యదు.

సాయంత్రం రేంజరుకు ఫోను చెయ్యలేదు. ఒక ప్యాంటుకు జిప్పు వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. తలకిందులుగా వేసిందని మూడోసారికి తెలిసింది.

పొద్దుగూకగానే భోజనాలకు నలుగురూ కూర్చున్నారు. పక్కగదిలో బట్టలుతికే మిషన్ గిరగిరా తిరుగుతోంది. ఆ తిరుగుడు ఆమెకు వినిపిస్తోంది. కాసేపటికి అదీ ఆగింది.

ఆమె పళ్ళెంలోంచి తలెత్తి ముగ్గురి వంకా చూసింది. ముగ్గురి తలలూ ఒక్కసారే లేచాయి. లేచి, ఆమె చూస్తోందని గమనించి, ఒక్కసారే దిగాయి. అత్తగారు కూరగిన్నెలోకి తొంగిచూడడం మొదలుపెట్టింది. భర్త చప్పుడు కాకుండా కుర్చీ జరిపి లేచాడు. చెయ్యి కడుక్కుని మిషన్ గది వైపు నడిచాడు. బుధవారం నుంచి బట్టలు ముక్కిపోవడం ఎందుకు మానేశాయో టైలరమ్మకు అప్పుడు తెలిసింది.

"కూసింది కదూ?" అంది.

మిషన్ గది గుమ్మంలో భర్త ఆగిపోయాడు.

"ఇలా వచ్చి కూర్చోండి. మెకానిక్ ఆ రోజు మీ చెవిలో ఏమన్నాడు?"

"ఏవో అంటాడు. మిషన్ పాతదైపోయింది..."

"నాన్నా, చెప్పెయ్యండి," అంది కూతురు.

భర్త వచ్చి కూర్చున్నాడు. ఈసారి గోడకు కాకుండా ఆమెకే చెప్పాడు. "ఒకసారి చెవి డాక్టరుకు చూపించమన్నాడు. వాళ్ళమ్మకి కూడా ముందు ఈ కూతే వినపడడం మానేసిందట. నువ్వు బాధపడతావని..."

"బాధ కాదు, పోట్లాడతానని."

"అది కూడా," అని ఆయన ఒప్పుకున్నాడు.

టైలరమ్మ మంచినీళ్ళు తాగింది. ప్రసంగంలో తాగే చోటు కాదు, నిజంగానే గొంతు ఎండిపోయింది. ప్రసంగాల్లో పలికే గొంతు ఎక్కడికి పోయిందో, మామూలుగా ఉప్పు అందుకోమన్నంత మెల్లగా చెప్పింది.

"రేపు పొద్దున దుకాణం తెరవను. నోటుబుక్కులన్నీ పట్టుకుని అటవీ ఆఫీసుకు వెళ్తున్నాను. సూదిపిట్ట ఎక్కడికీ పోలేదు, తిరిగీ రాలేదు. అక్కడే ఉంది. వినపడనిది నాకు. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను. మంట వల్ల పోయింది కౌజు, దాని లెక్క వేరే కాగితం మీద ఇస్తాను. లోయలో అగ్గిపుల్ల కూడా గియ్యడానికి వీల్లేదని చెబుతాను."

"బోర్డో?" అంది కూతురు.

"కౌజు పేరు రాసుకోమంటాను. నా పేరు తీసెయ్యమంటాను."

"పేపరువాళ్ళు నవ్వుతారమ్మా."

"నవ్వనీ. ఇన్నాళ్ళు ఏడిపించాను కదా."

అత్తగారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని చూస్తోంది. "ఉండు ఉండు. అయితే పొద్దున నాకు వినిపించిందీ..."

"అదే అత్తయ్యా. సూదిపిట్టే."

"ఆ కీచుగొంతుదా? దానికోసమా మూడేళ్ళు ఏడ్చింది?" ఆవిడ ముద్ద పళ్ళెంలో పడేసి కొడుకు వంక చూసింది. "నాకు ముందే వినిపించి ఉంటే ఈపాటికి దాన్ని వెళ్ళగొట్టేదాన్ని కదరా!"

కూతురు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కూడా సన్నంగా మొదలవుతుందనీ, ఆ మొదలు తనకు అందలేదనీ టైలరమ్మ గమనించింది.

"మంగళవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్తాను," అంది. "ఏం పెట్టుకోమంటే అది పెట్టుకుంటాను. అయినా, పోయిన కూత మొత్తం తిరిగి వస్తుందో రాదో. అందుకని వచ్చే ఏడు నుంచి లెక్కకు అత్తయ్య వస్తారు. ఆవిడ వింటారు, నేను చూస్తాను."

"నన్నడిగావా?"

"అడగట్లేదు అత్తయ్యా, చెబుతున్నాను. ఆరు ఆదివారాలు. కుర్చీ నేను మోస్తాను."